అరకు హోంస్టేకి ‘బ్రిటిష్ కాలం కుర్చీ’ కొంటున్నారా? బేరమాడే ముందు తిరగేసి చూడండి

వరండాలో పాత చెక్క కుర్చీ, పక్కన పొగలు కక్కే కాఫీ, ఎదురుగా మంచు కప్పుకున్న కొండ. అరకులో హోంస్టే పెట్టేవాళ్లకి, లోయలో ఇల్లు సర్దుకునేవాళ్లకి ఈ సీన్ మీద మనసు పోవడం సహజం. అక్కడే అమ్మేవాళ్ల కథ మొదలవుతుంది. “ఇది తెల్లదొర బంగళాలోది సార్, వందేళ్ల పైమాటే. లండన్ సరుకు” అంటారు. ఆ ఒక్క మాటతో రేటు అమాంతం లేచి కూర్చుంటుంది. ఇంతకీ అది నిజంగా యూరప్ కుర్చీయేనా? నిజంగా అంత పాతదేనా?

ముందు ఆ కథలనే కాస్త పరీక్ష పెడదాం.

“అరకు స్టేషన్‌లో బ్రిటిష్ వాళ్లు కూర్చున్న వెయిటింగ్ రూమ్ కుర్చీ” అన్నారనుకోండి, ఇక బేరం అక్కర్లేదు, లేచి వచ్చేయొచ్చు. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కట్టిందే 1960లలో. అప్పటికి బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయి పదేళ్లు దాటింది. అదే కుర్చీ వాల్తేరు నుంచి వచ్చిందంటే కాస్త ఆలోచించొచ్చు. అక్కడ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నిజంగానే ఉండేది.

“కాఫీ ఎస్టేట్ దొరగారి కుర్చీ” అనే కథ కూడా అంతే. తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో పాములేరు లోయ వైపు నుంచి వచ్చింది, తెచ్చింది బ్రిటిష్ వాళ్లే. కానీ ఇవాళ అరకు కాఫీ అని మనం తాగేదాంట్లో చాలా భాగం గిరిజన రైతుల చిన్న చిన్న తోటల్లోది, స్వాతంత్ర్యం తర్వాత విస్తరించింది. కూర్గ్‌లో, నీలగిరుల్లో ఉన్నట్టు ఇక్కడ వరసగా దొరల ఎస్టేట్ బంగళాలు లేవు. ఇక కాళ్లు చాపుకోవడానికి పొడుగు చేతులుండే ఆ పడక్కుర్చీ, అదే ప్లాంటర్స్ చెయిర్, యూరప్ నుంచి ఓడెక్కి వచ్చిందనుకుంటే పొరపాటు. మన ఉక్కపోతకి తగ్గట్టు, పేము అల్లికతో, ఎక్కువగా ఈ దేశపు వడ్రంగులే చేసిన మోడల్ అది.

వాళ్లే బోల్తా పడ్డారు!

కుర్చీ పుట్టుక విషయంలో మోసపోయేది మనమే కాదు. 18వ శతాబ్దంలో లండన్ దగ్గర స్ట్రాబెరీ హిల్ అనే భవనం కట్టుకున్న రచయిత హొరేస్ వాల్పోల్‌కి పాత వస్తువుల పిచ్చి. నల్లగా నిగనిగలాడే, నిండా చెక్కడం పని ఉన్న ఎబొనీ కుర్చీలు కొన్ని ఆయన కొన్నాడు. ఇవి ట్యూడర్ రాజుల కాలం నాటి ఇంగ్లండ్ కుర్చీలని గట్టిగా నమ్మాడు. ఆయన్ని చూసి ఇంకెంతోమంది నమ్మారు. అసలు విషయం తర్వాతెప్పుడో బయటపడింది. అలాంటి కుర్చీలు చేసింది ఇంగ్లండ్‌లో కాదు, 17వ శతాబ్దంలో కోరమండల్ తీరంలో. అంటే మచిలీపట్నం లాంటి రేవులున్న మన తూర్పు తీరంలోనే.

విశాఖ కథ ఇంకా పెద్దది. ఈస్టిండియా కంపెనీ విశాఖలో స్థావరం పెట్టింది 1682లో. కంపెనీ ఉద్యోగులకి ఇంటి దగ్గరున్నట్టే కుర్చీలు, బల్లలు కావాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుర్చీని నమూనాగా ముందు పెడితే, ఇక్కడి పనివాళ్లు టేకులో, రోజ్‌వుడ్‌లో, నల్లచేవ కర్రలో అచ్చం అలాగే దించేశారు. అక్కడితో ఆగలేదు. కర్రలో ఏనుగు దంతం ముక్కలు పొదిగి, దంతం మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి పూలతీగలు తెప్పించారు. 1756లో విశాఖ చూసిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ పొదుగు పనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ్టికీ ‘వైజాగపటం’ పేరుతోనే ఈ సామాన్లు ఉన్నాయి. ఆకారం ఇంగ్లీషుది, పనితనం మనది. అందుకే “ఇది ఇక్కడ చేసిందే, ఇంపోర్టెడ్ కాదు” అని తెలిస్తే మొహం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మంచి రోజ్‌వుడ్‌తో ఇక్కడే చేసిన పాత కుర్చీ, యూరప్‌లో గంపగుత్తగా చేసిన సాదా కుర్చీ కంటే ఎక్కువ విలువ చేయొచ్చు.

దంతం కనిపిస్తే చెయ్యి వెనక్కి

ఇక్కడో పెద్ద హెచ్చరిక. దంతం పొదిగిన కుర్చీ ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం నిషేధం. మన ఏనుగుల దంతానికి 1986 సవరణతో, ఆఫ్రికా దంతానికి 1991 సవరణతో దారి మూసేశారు. “తాతల కాలం నాటిది కదా” అనే మాట ఇక్కడ పనిచేయదు. వారసత్వంగా వచ్చి, సర్టిఫికెట్ ఉన్నా సరే, అమ్మడానికి వీల్లేదు.

ఇంకో చట్టం కూడా తెలిసుండాలి, 1972 నాటి పురావస్తువుల చట్టం. దాని ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్స్ ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. కాబట్టి అమెరికాలో ఉన్న అమ్మాయికి గిఫ్ట్‌గా పంపిద్దాం అనుకుంటే ఆగండి. అన్నట్టు, “వందేళ్లు గ్యారంటీ” అనేవాళ్లని “మరి లైసెన్స్ చూపించండి” అని అడిగి చూడండి. వయసు అక్కడికక్కడే తగ్గిపోయే చాన్స్ ఉంది! వందేళ్లు దాటితే యాంటిక్, అంతకంటే తక్కువైతే వింటేజ్ అనడం మార్కెట్‌లో వాడుక. వాడకానికి వింటేజ్ చాలు, దానికి యాంటిక్ రేటు పెట్టడమే నష్టం.

తిరగేస్తే తెలుస్తుంది

పైన పాలిష్ ఎవరైనా వేస్తారు. అసలు సంగతి అడుగున ఉంటుంది. కుర్చీని బోర్లా పెట్టి ఫోన్ టార్చ్ వేయండి. చేత్తో చేసిన కుర్చీ అయితే కనపడని చోట చెక్క పూర్తిగా నున్నగా ఉండదు. చిత్రిక పట్టిన అలలు, ఉలి గాట్లు వేలికి తగులుతాయి. గుండ్రంగా తిరిగిన రంపపు గీతలు ఒకే ఎడంతో కనిపిస్తే అది మెషీన్ కోత, 18వ శతాబ్దం కథ చెల్లదు.

తర్వాత అతుకులు. పాత పద్ధతిలో ఒక చెక్కకి బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసని అందులోకి దూర్చి, అడ్డంగా చెక్క మేకు కొడతారు. చెక్క ఏళ్ల తరబడి ఆరుతూ ఒక పక్కకే కుంచించుకుపోతుంది కాబట్టి ఆ మేకు తల కాస్త పైకి తేలి, కోలగా మారి ఉంటుంది. స్క్రూలుంటే ఒకటి విప్పించండి. మొన వాడిగా లేకుండా, మరలు ఎగుడుదిగుడుగా, తల మీద గాడి పక్కకి జరిగి ఉంటే 19వ శతాబ్దం మొదటి సగంలోదో, అంతకు ముందుదో కావచ్చు. ప్లస్ గుర్తు స్క్రూ అయితే 1930ల తర్వాతిదే. అయితే రిపేరులో కొత్తది వేసి ఉండొచ్చు, ఒక్క స్క్రూ చూసి తీర్పు చెప్పేయకండి.

అరుగుదల కూడా లెక్కే. చేతులు ఆనే చోట, ముందు కాళ్ల అడ్డకర్ర మీద మడమ తగిలే చోట అరగాలి. నాలుగు వైపులా సమానంగా ‘పాతబడి’ ఉంటే అది శాండ్ పేపర్ చేసిన పని.

నిజమైన యూరప్ కుర్చీ తక్కువ బడ్జెట్‌లో కావాలంటే బెంట్‌వుడ్ వెతకండి. హైదరాబాద్ పాత ఇరానీ హోటళ్లలో చాయ్ తాగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, గుండ్రటి సీటు, విల్లులా వంగిన వీపు. 1859లో వియన్నాకి చెందిన థోనెట్ కంపెనీ తెచ్చిన 14వ నంబర్ మోడల్ దీనికి మూలం. బీచ్ కర్రని ఆవిరి పట్టి వంచుతారు. మొత్తం ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పేస్తే 36 కుర్చీలు ఒక క్యూబిక్ మీటర్ పెట్టెలో పట్టేసేవి, అందుకే ప్రపంచమంతా తిరిగింది. సీటు చట్రం లోపలి వైపు కాగితం లేబులో, కాల్చిన ముద్రో మిగిలి ఉందేమో చూడండి. కాపీలు లక్షల్లో ఉన్నాయి.

కానీ అరకు వాతావరణం వేరు

సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉన్న లోయ ఇది. వర్షాకాలమంతా తేమ, చలికాలంలో పొడి గాలి. చెక్క ఉబ్బుతుంది, మళ్లీ బిగుస్తుంది. బీచ్, వాల్‌నట్ లాంటి యూరప్ కర్రలకి ఇక్కడ పుచ్చు భయం ఎక్కువ. టేకు, రోజ్‌వుడ్ బాగా తట్టుకుంటాయి. అందుకని తెరిచి ఉండే వరండాలోకి టేకు పడక్కుర్చీ, గది లోపలికి బెంట్‌వుడ్ అనుకుంటే సరిపోతుంది. లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్ మీద తడి గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది. గెస్టులకి ఎంత చెప్పినా వినరు, పక్కన చిన్న స్టూల్ వేయడమే మార్గం. పేము సీటు తెగి ఉంటే భయపడక్కర్లేదు, మళ్లీ అల్లించుకోవచ్చు. చట్రం చుట్టూ పేము దూరే బెజ్జాలు చీలిపోయి ఉంటే మాత్రం వద్దు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చేయకండి. రెండు వారాలు మిగతా సామాన్లకి దూరంగా, నల్ల కాగితం మీద ఉంచి చూస్తామని ముందే మాట్లాడుకోండి. పాత బెజ్జాలు ఉన్నంత మాత్రాన కంగారు లేదు, పురుగు ఎప్పుడో పోయి ఉండొచ్చు. పొద్దున్నే కాగితం మీద పిండిలాంటి కొత్త పొడి రాలిందంటే అది ఇంకా లోపలే తింటోందని అర్థం. కుర్చీ వచ్చిన దారినే వెనక్కి పంపేయాలి.