గణకయంత్రపు వేగము, తల్లిపలక బలము



గోదావరి యనగానే భద్రాచలప్రాంతమువారికి తోచునది నది యొక్కటియే. సారపాకయందు ఆ నది యొడ్డున నివసించు నాకును అంతియే. కాని 2015వ సంవత్సరమున అమెరికాదేశపు ఏఎండీ సంస్థవారు తమ కంప్యూటరు ప్రాసెసరులలో ఒక తరగతికి గోదావరి యని సంకేతనామము పెట్టిరి. అంతకు ముందు 2014లో విడుదలయైన దానికి కావేరి యని పేరు. బ్రాజోసు, ల్యానో, ట్రినిటీ యను టెక్సాసు నదుల పేర్లనుగూడ వారు పూర్వమే వాడియుండిరి. ఆ సంస్థకు మన హైదరాబాదులోను, బెంగుళూరులోను ఇంజనీరింగు కేంద్రములు కలవు.

పేరు మన నదిదైనందుకు సంతసించుటకే నేనీ ప్రసంగమునకు పూనుకొనలేదు. ఈ గోదావరి వేరుగా పుట్టినది కాదు. అది చాలవరకు కావేరియే. కావేరిలో మేటియైన ఏ10-7850కే యను ప్రాసెసరు వేగము 3.7 గిగాహెర్ట్జులు. గోదావరిలోని ఏ10-7870కే వేగము 3.9 గిగాహెర్ట్జులు. రెండింటికిని పేర్కొనిన ఉష్ణపరిమితి 95 వాట్లే. అనగా, తయారుచేసినవారే తమ వస్తువునందు ఇంకను మిగిలియున్న సత్తువను పరీక్షించి, దానిని మరికొంత వడిగా నడిపించి విక్రయించిరన్నమాట. ఇట్టి పనినే ఇంటిలో కూర్చుండి ఒక కుర్రవాడు చేసినయెడల దానిని ఓవర్‌క్లాకింగ్ అందురు.

ఈ మాట నేడు మన గ్రామములకును వచ్చినది. తక్కువ వెల మదర్‌బోర్డు కొని, ప్రాసెసరు వేగమును పెంచి, ఎక్కువ వెల యంత్రముతో సమానము చేసెదనని మనుమడు తాతగారితో చెప్పును. కొందరు తాతలు తెలియకయే సరే యందురు. కొందరు తెలియకయే కూడదందురు. తెలిసి అవునో కాదో చెప్పుటకు కావలసిన సంగతిని విన్నవించుట నా ఉద్దేశము.

మొదట వేగమనగా నేమో చూతము. ప్రాసెసరులోపల ఎడతెగక తాళము పడుచుండును. ఒక్కొక్క తాళమునకు లెక్కలో ఒక్కొక్క అడుగు ముందుకు జరుగును. 3.9 గిగాహెర్ట్జులన సెకనుకు 390 కోట్ల తాళములు. మదర్‌బోర్డు ఇచ్చు మూలతాళము సెకనుకు 10 కోట్లు. దానిని 39 చేత గుణించుకొని ప్రాసెసరు తన వేగమును కల్పించుకొనును. ఈ 39నే గుణకమందురు. యంత్రము ఆరంభమగునప్పుడు వచ్చు బయోసు అను అమరికలో దీనిని 40, 41, 43 అని మార్చవచ్చును. పేరు చివరనున్న 'కే' యను అక్షరమునకు అర్థము, ఈ గుణకమునకు తాళము వేయలేదనియే.

మరి ఆ మిగులు సత్తువ ఎందుకుండును? బాల్యమున మా గురువుగారు సంథ చెప్పునప్పుడు ఏకసంథాగ్రాహి వేగమునుబట్టి చెప్పెడివారు కారు. అందరిలో మందగతిగల శిష్యుడు అందుకొనగల వేగమున చెప్పెడివారు. చిప్పులోని కోట్లకొలది మీటలును అట్టివే. ఒక మీట తన పని ముగించులోపలనే మరియొక తాళము పడెనా, తప్పుపాఠము వచ్చును. ఒకే అచ్చున పుట్టిన చిప్పులలోను కొన్ని చురుకైనవి, కొన్ని కావు. తయారుచేయువారు వానిని పరీక్షించి తరగతులుగా విడదీసి, ఎండకాలమందును, విద్యుత్తు ఒడుదుడుకులందును, ఏండ్లు గడచినపిదపను తప్పనంతటి వేగమును మాత్రమే పెట్టెపై అచ్చువేయుదురు. కావున ఆ మిగులు వృథాసొమ్ము కాదు. అది కరవునాటికి గాదెలో దాచిన ధాన్యము. దానిని వాడుకొనవచ్చును, వాడుకొంటిమని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక ఖర్చు సంగతి. వేగము పెంచినచో మీటలు త్వరగా కదలుటకై వోల్టేజి కూడ కొంత పెంచవలసివచ్చును. వేడి వేగమునుబట్టి పెరుగును. వోల్టేజికైననో దాని వర్గమునుబట్టి పెరుగును. ఉదాహరణమునకు గుణకమును 39 నుండి 43 చేసి, అనగా పదవవంతు పెంచి, వోల్టేజిని 1.30 నుండి 1.43కు పెంచితిమనుకొందము. వేడి పదవవంతు పెరుగదు, మూడవవంతు పెరుగును. 95 వాట్లు 127 వాట్లగును. లాభమో? గంటసేపు పట్టు లెక్క సుమారు యేబదినాలుగు నిమిషములలో ముగియును. డిస్కు కొరకు వేచియుండు పనియైనచో ఆ ఆరు నిమిషములును మిగులవు.

ఈ అదనపు భారమును మోయునది ప్రాసెసరు మాత్రమే కాదు. దానికి విద్యుత్తు నందించు మదర్‌బోర్డు, అనగా తల్లిపలక. చౌకవస్తువు కొనువారు మరచునది దీనినే. విద్యుత్పెట్టెనుండి 12 వోల్టులు వచ్చును. ప్రాసెసరునకు కావలసినది ఒకటింబావు, ఒకటిన్నర వోల్టు. ఈ మార్పును ప్రాసెసరు గుంటకు ప్రక్కన వరుసగానుండు చిన్నచిన్న నల్లని మీటలును, తీగచుట్టలును చేయును. వోల్టేజి తగ్గినకొలది ప్రవాహము హెచ్చును. 95 వాట్లను 1.30 వోల్టులతో భాగింపుడు: 73 ఆంపియర్లు. ఇంటిలోని ఒక హెచ్‌పీ నీటిపంపు తీసికొనునది ఆరేడు ఆంపియర్లే గదా! పైన చెప్పినట్లు వేగము పెంచినచో ఈ ప్రవాహము 89 ఆంపియర్లగును. తీగలలోను మీటలలోను పుట్టు వేడి ప్రవాహపు వర్గమునుబట్టి యుండుటచే, అచ్చట అది దాదాపు ఒకటిన్నర రెట్లగును.

పల్లకి మోయు బోయీలవలె ఆ మీటలు గుంపులుగా వంతులువారీగా ఈ భారమును మోయును. ఈ గుంపులను ఫేజులందురు. వెలగల బోర్డునందు ఎనిమిదియో అంతకెక్కువయో యుండును. వానిపై వేడిని పీల్చు లోహపు దిమ్మెలుండును. చౌకబోర్డునందు మూడో నాలుగో యుండును. పైన దిమ్మెయే యుండకపోవచ్చును. నలుగురు బోయీలు పల్లకిని మోయగలరు. దానిలోని పెద్దమనిషి బరువెక్కినను వారు వెంటనే కూలిపోరు. అలసట పిదప తెలియును.

నేను కన్న యొక సంగతి చెప్పెదను. మా వీధిలోని యొక రైతు మనుమడు, కాలేజీ విద్యార్థి, పాత సామానుతో తక్కువ ఖర్చులో యంత్రము కూర్చుకొనెను. ఏ సంస్థవారి సామానో ఇచ్చట అనవసరము. మార్గశిరమాసమున వేగము పెంచి, "మాస్టారూ, ఒక్క రూపాయి వ్యయము లేకుండ వేగము వచ్చినది, చూడుడు" అని నన్ను పిలిచి చూపెను. నిజముగానే చక్కగా నడచినది. వైశాఖమున అదే యంత్రము మధ్యాహ్నపువేళల మందగించుట మొదలిడెను. పిదప నడుమనడుమ ఆగిపోవసాగెను. అంతకన్న గొప్ప హాని వేరొకటి జరిగినది. తాతగారు పదిమందికి కౌలులెక్కలు అందులో వ్రాయించుచుండగా, దాచుకొనిన పుస్తకము ఒకనాడు తెరువబడలేదు. "పంతులుగారూ, ఈ పెట్టెను అటకమీద పారవేసెదను, వీని చదువుకు కాగితము, కలము చాలును" అని ఆయన కోపించెను.

నేను వారించితిని. తప్పు విద్యది కాదు, పరీక్షది. కుర్రవాడు పరీక్షించినది చలికాలమున. గాలితో చల్లబడు యంత్రము గదిలోని వేడికంటె ఇన్ని డిగ్రీలు ఎక్కువగా నుండునే గాని, గది వేడితో నిమిత్తము లేకుండ నుండదు. గది 25 డిగ్రీలనుండి 42 డిగ్రీలకు పోయినచో లోపలి వేడియు ఇంచుమించు ఆ 17 డిగ్రీలు పెరుగును. మన ప్రాంతపు వేసవి ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. పుష్యమాసమున నెగ్గిన వేగము వైశాఖమున నెగ్గునని నమ్మరాదు.

మరియు భద్రాచలమువద్ద గోదావరికి మూడు హెచ్చరికలు కలవు: 43 అడుగులకు మొదటిది, 48కి రెండవది, 53కు మూడవది. 1986లో 75 అడుగులు దాటినప్పుడును, 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడును మనలను మేల్కొలిపినవి ఆ కొలబద్దలే. ప్రాసెసరులోను అట్టి ఉష్ణమాపకమున్నది. ఒక మేర దాటగానే అది తన వేగమును తానే తగ్గించుకొనును. ఇంకను మించినచో యంత్రము ఆరిపోవును. కాని కొన్ని చౌకబోర్డులలో విద్యుత్తు నందించు మీటలకు ఇట్టి మాపకమే యుండదు. కొలబద్దగల నదికంటె కొలబద్దలేని వాగే రాత్రివేళ మనుష్యులను ఎక్కువగా మోసగించును.

ఆ బాలుడు నా మాట విని గుణకమును రెండు మెట్లు దింపెను. వోల్టేజిని మొదట నున్నచోటికే తెచ్చెను. ఆ మీటలపైకి గాలి తగులునట్లు చిన్న పంకా నమర్చెను. యంత్రము నాటినుండి ఆగలేదు. కౌలులెక్కలు మాత్రము రెండవచోట నకలుగా నుంచవలెనని తాతగారు నియమము పెట్టిరి. అది అన్నింటికంటె మంచి నియమము.

కావున పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఈ బోర్డు వేగము పెంచుకొననిచ్చునా? 2017లో వచ్చిన రైజెన్ తరగతిలో ఏ320 చిప్పుసెట్టుగల బోర్డులు ప్రాసెసరు వేగమును పెంచనీయవు. కొంచెమెక్కువ వెలగల బీ350 బోర్డులు పెంచనిచ్చును. ఇంటెల్‌వారిలో సాధారణముగా పేరున 'కే' గల ప్రాసెసరునకు 'జెడ్' వరుస బోర్డు తోడుగా నుండవలెను. రెండవది, విద్యుత్తు మీటలపై లోహపు దిమ్మె కలదా? మూడవది, ఒక్కొక్క మెట్టే పెంచి, ప్రతి మెట్టుననుకూడ గంటలకొలది బరువైన లెక్కలిచ్చి పరీక్షించితివా? నాలుగవది, యంత్రము మేల్కొననిచో పూర్వపు అమరికకు తెచ్చుట యెరుగుదువా? విద్యుత్తు తీసివేసి, బోర్డుపైనున్న నాణెమువంటి బ్యాటరీని కొంతసేపు ఊడదీసినచో చాలబోర్డులు మొదటి అమరికకు వచ్చును. ఐదవది, ఇందువలన చెడినచో గ్యారంటీ చెల్లదని తెలియునా? ఏఎండీవారు ఈ మాటను స్పష్టముగానే ప్రకటించియున్నారు.

నేటి ప్రాసెసరులు వేడిని, విద్యుత్తును తామే కొలుచుకొని, వీలున్నంతవరకు తామే వేగము పెంచుకొనుచున్నవి. కుర్రవానికి మిగులు సత్తువ మునుపటంత దొరకదు. పాతయంత్రము మందముగా నున్నచో పాత డిస్కు స్థానమున ఎస్‌ఎస్‌డీ పెట్టించుట అంతకంటె ఎక్కువ మేలుచేయును.

ఐనను ఈ ప్రశ్నలన్నింటికి నిదానముగా బదులు చెప్పగల మనుమని వారింపకుడు. వాడు గుణకారమును, ఉష్ణమును, విద్యుత్తును పుస్తకమున కాక చేతులతో నేర్చుకొనుచున్నాడు. బదులు చెప్పలేనివానిని గద్దింపకుడు. తెలిసికొని రమ్మని పంపుడు. లోపలి మిగులెంతయో తెలిసికొని, అందులో కొంత ఎండకాలమునకు విడిచిపెట్టువాడే యంత్రమును ఏలగలవాడు.