సమాధిలోకి సూర్యుడు ఎలా వస్తాడు?

ఐర్లాండ్‌లో బోయిన్ నది దగ్గర న్యూగ్రేంజ్ అనే రాతి సమాధి ఉంది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు. ఈజిప్టు గీజా పిరమిడ్ల కంటే పాతది!

లోపలికి 19 మీటర్ల సన్నని దారి. చివర చీకటి గది. ఏడాదంతా చీకటే. డిసెంబరు 21కి అటూ ఇటూ కొన్ని రోజులు మాత్రం, ఉదయాన ఒక వెలుగు చార ఆ గదిలోకి పాకుతుంది. సుమారు 17 నిమిషాలుండి వెళ్లిపోతుంది.

ఎలా? దారి లోపలికి వెళ్లేకొద్దీ ఎత్తవుతుంది. అందుకే గుమ్మంలోంచి వచ్చే ఎండ గది దాకా చేరదు. కట్టినవాళ్లు గుమ్మం పైన ఇంకో కంత వదిలారు. అది దాదాపు గది నేల ఎత్తులోనే ఉంటుంది. దాన్ని సూర్యుడు బాగా దక్షిణంగా ఉదయించే రోజులకు గురిపెట్టారు. లోహపు పనిముట్లు లేని కాలంలో ఎంత అద్భుతమైన లెక్క!

జానపదులు ఇది దాగ్దా అనే దేవుడి ఇల్లంటారు. ఆయన మాయతో తొమ్మిది నెలలు ఒక్క రోజులా గడిచాయట, ఆ రోజే కొడుకు ఏంగస్ పుట్టాడట. ఏడాదిలో అతి చిన్న పగటికి తలుపు తెరిచే చోట ఇలాంటి కథ పుట్టడం నాకు చాలా నచ్చింది.

ఎండ లోపలికి వస్తుందన్న మాట కూడా ఊళ్లో ఉండేది. పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓకెల్లీ దాన్ని కొట్టిపారేయలేదు. 1967 డిసెంబరులో లోపల కూర్చుని కళ్లారా చూశాడు. ఇప్పుడు ఆ ఉదయాల్లో లోపలికి వెళ్లేవారిని లాటరీ తీసి ఎంపిక చేస్తారు.