తొమ్మిది నిమిషముల పరీక్ష

2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు, కరోనా కాలమున ప్రధానమంత్రి యిచ్చిన పిలుపును మన్నించి దేశజనులు విద్యుద్దీపములనార్పి, మహానగరములలోని మేడలు మొదలుకొని కోనసీమ పల్లెలలోని అరుగులవరకు, తొమ్మిది నిమిషములపాటు నూనెదీపములు వెలిగించుకొనిరి. ఆ శోభను చూచి మురిసినవారిలో, అదే సమయమున ఢిల్లీలోని జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రమునందును, బెంగుళూరులోని దక్షిణ ప్రాంత కేంద్రమునందును, విజయవాడలోని మన రాష్ట్ర కేంద్రమునందును ఇంజనీర్లు తెరపైనున్న ఒక్క సంఖ్యపై దృష్టి నిలిపి కూర్చుండిరని ఎఱిగినవారు బహు కొద్దిమంది. ఆ సంఖ్య ఫ్రీక్వెన్సీ. వాడుక 12,000 మొదలు 13,000 మెగావాట్ల వరకు తగ్గునని వారు ముందుగా అంచనా కట్టియుండగా, జనుల యుత్సాహము ఆ తగ్గుదలను ఏకముగా 31,000 మెగావాట్లు దాటించినది. అయినను గ్రిడ్డు కూలలేదు. జలవిద్యుత్కేంద్రముల ఉత్పత్తిని కొలది నిమిషములలో 17,000 మెగావాట్లకు పైగా తగ్గించి, దీపములు మరల వెలుగుచుండగా మరల పెంచి, ఫ్రీక్వెన్సీని 49.70, 50.26 హెర్ట్జుల నడుమనే నిలిపిరి. పిలుపు వెలువడిన రెండు దినములలో ఏ కేంద్రము ఎప్పుడు తగ్గవలెనో, ఎవరు ఎవరికి ఫోను చేయవలెనో నిర్ణయించుకొని సిద్ధపడుటవలననే అది సాధ్యమైనది.

కోనసీమలోని జగ్గన్నతోట తీర్థమునాడు గంగలకుర్రువారి బరువైన వెదురు ప్రభను భుజములపై నెత్తి కౌశిక కాలువను దాటించుట చూచిన ఉప్పలగుప్తమువారికి గ్రిడ్డు స్వభావమును బోధించుట కష్టము కాదు. అనేక భుజములు, ఒకే అడుగు. ఒక ప్రక్క నిద్దఱు జాఱినచో వారి బరువు తక్కినవారిపై బడును. వారును తాళలేనిచో ప్రభ ఒరుగును. దేశమందలి జనరేటర్లును అట్లే ఒకే లయకు కట్టుబడి తిరుగుచుండును. వాడుక ఉత్పత్తిని మించిన క్షణమున అవి మందగించును, తగ్గిన క్షణమున వేగిరపడును. 50 హెర్ట్జుల లయలో ఆవిరి టర్బైను నిమిషమునకు 3,000 మారులు తిరుగును. విద్యుత్తును పెద్దమొత్తమున నిలువచేయు సౌకర్యము మనకింకను కొద్దియే గాన, ఈ సమతౌల్యమును అనుక్షణము కాపాడవలసియున్నది. మన గ్రిడ్ కోడు 49.90 మొదలు 50.05 వరకు హద్దు గీచినది. 2003లో దక్షిణాదిన క్రొత్త ధరల పద్ధతి రాకమునుపు ఫ్రీక్వెన్సీ 48 దరిదాపులకు దిగజాఱుట నిత్యకృత్యము. ఆ కాలపు ఆపరేటర్లకు అదియే అలవాటై పోయినది. అలవాటును మించిన దుష్టగురువు ఈ వృత్తిలో లేడనుట నా అభిప్రాయము.

2012 జూలై 30 రాత్రి 2 గంటల 33 నిమిషములకు మధ్యప్రదేశములోని బీనానుండి గ్వాలియరు పోవు 400 కిలోవోల్టుల లైను విడిపోయినది. తీగ తెగలేదు, మితిమీఱిన భారమును దూరమున నెక్కడనో కలిగిన షార్టుసర్క్యూటుగా రక్షణ రిలే భ్రమపడినది. ఉత్తర ప్రాంతమంతయు చీకటిపాలైనది. మఱునాటి మధ్యాహ్నము ఆ లైనే మరల విడిపోగా ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును కూలినవి; అచ్చటి జనసంఖ్య అఱువది కోట్లకు మించినది. విచారణ సంఘము రిలేను మాత్రమే తప్పుపట్టలేదు. నిర్ణీతమునకు మించి వాడుకొనుచున్న రాష్ట్రములను తగ్గించుకొమ్మని ప్రాంతీయ కేంద్రము కోరినను, రాష్ట్ర కేంద్రములు తగినట్లు స్పందింపలేదని స్పష్టముగా వ్రాసినది. దక్షిణాది నాడు నిలిచినదన్న, అది మన నేర్పు కాదు; తాల్చేరు–కోలారు, గాజువాక వంటి, లయను పంచుకొనని డీసీ మార్గములతో మాత్రమే తక్కిన గ్రిడ్డునకు ముడివడియుండుటవలన ఆ పతనము మనదాక రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపురము 765 కిలోవోల్టుల లైను కలిపిన నాటినుండి మన భుజమును ఆ ప్రభ క్రిందనే యున్నది.

కావున ఆపరేటరు శిక్షణ మీటలు నొక్కుటతో ముగియునది కాదు. సిమ్యులేటరు ముందు కూర్చున్న శిష్యునికి తెలియకుండ గురువు ఒక లైనును విడదీయును; అలారములు వందలకొలది మ్రోగును; వానిలో దేనిని నమ్మవలెను? ఏ ఒక్క పరికరము పోయినను తక్కినవి భారము మోయగల స్థితిలో గ్రిడ్డు ఎల్లప్పుడు ఉన్నదా? 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో అయిదు కోట్లమందిని చీకటిలో ముంచిన ఉపద్రవమున, ఒహయో నియంత్రణశాలలో అలారము వ్యవస్థయే మూగవోయినది. ఆ సంగతి ఆపరేటర్లకు తెలియదు. పొరుగువారు ఫోనుచేసి హెచ్చరించుచున్నను, తెర నిశ్చలముగా నున్నది గాన వారికి నమ్మిక కలుగలేదు. తదుపరి అచ్చట ఏటికి అయిదు దినములు విపత్కాల శిక్షణ అవసరమనిరి. మన దేశమున 2008లో ప్రధాన్ సంఘము ఆపరేటర్లకు ధ్రువపత్రములను సిఫారసు చేయగా, జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ పరీక్షలు నడుపుచున్నది. వీనిలో కఠినమైన పాఠము, సమయమునకు కొంత చీకటిని తానే కల్పించు ధైర్యము. ఆపరేటరు వెనుకాడినచో, ఫ్రీక్వెన్సీ పడిపోగానే రిలేలే ఊళ్లకు కరెంటు చేర్చు ఫీడర్లను కోయును.

అంతకంటె సూక్ష్మమైనది పునరుద్ధరణ. గ్రిడ్డు కూలినపుడు, బయటి సహాయము లేకయే మొదలుపెట్టగల జలవిద్యుద్యంత్రములను ముందు తిరుగజేసి, ఖాళీ లైనులో వోల్టేజి హద్దుమీఱకుండ చూచుచు, చిన్న చిన్న లోడులను ఒకటొకటిగా జతపఱుపవలయును. ఉప్పలగుప్తము చుట్టునున్న రొయ్యల చెరువులే దీనికి చక్కని ఉదాహరణము. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తఱుగును గాన ఏరేటర్లు తెల్లవార్లును తిరుగవలెను. కరెంటు పోయి కొంతసేపైనచో రొయ్యలు తేలును, రైతు డీజిలు జనరేటరును ఆశ్రయించును. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నియు ఒక్కసారిగా లేచి మామూలుకంటె అయిదాఱు రెట్ల కరెంటు లాగును. ఫీడర్లన్నిటిని ఒకేసారి కలిపినచో అప్పుడే కోలుకొనుచున్న చిన్న వ్యవస్థ మరల పడిపోవును. ఒకవైపు రైతుల ఫోనులు, ఒకవైపు పైవారి ఆజ్ఞ. నడుమ 33/11 కిలోవోల్టుల సబ్ స్టేషనులో షిఫ్టు ఆపరేటరు. ధ్రువపత్రములు, సిమ్యులేటర్లు ఎక్కువగా పైకేంద్రముల యింజనీర్లకే ఉద్దేశింపబడినవి. ఫీడరును చేతితో కలుపు ఇతనికిని వానిలో పాలుండవలెనని నా మనవి. చెరువులు నిండుగా నున్న ఋతువున, రైతులకు ముందుగా తెలిపి, ఒక పగటివేళ ఈ పునరుద్ధరణాభ్యాసమును ఫీడరుదాక జరిపి చూచినచో, కలిపిన మొదటి నిమిషమున ఎన్ని ఆంపియర్లు పైబడునో ఆ షిఫ్టు పుస్తకమునకే ఎక్కును.