సైరన్ లేని కుదుపు

మాది మంగంపేట అంటే హాస్టల్లో చాలామందికి తెలీదు. ఓబులవారిపల్లె మండలం, రాజంపేటకూ రైల్వేకోడూరుకూ మధ్యలో అని చెప్పాలి. అప్పటికీ అర్థం కాకపోతే ముగ్గురాయి గని ఊరు అంటాను. పుస్తకాల్లో బెరైటీస్ అని ఉండేది అదే. ఒకేచోట అంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో ఇంకోటి లేదంటారు. నీళ్ళకంటే నాలుగు రెట్లు పైగా బరువుండే రాయి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే డ్రిల్లింగ్ మడ్‌లో దీని పొడి కలుపుతారు. అందుకే మా రాయి గల్ఫ్‌కు పోతుంది. మా మనుషులూ గల్ఫ్‌కే పోతారు, ముఖ్యంగా కువైట్‌కు.

ఇంకో సంగతి. మేం చిన్నప్పటి నుంచి నేల అదరడం చూస్తూ పెరిగినవాళ్ళం. గనిలో బ్లాస్టింగ్ ఉందంటే ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి దడ్‌మని ఒక్క కుదుపు. గూట్లో గిన్నెలు గలగలమంటాయి, అంతే. మా అవ్వ బియ్యం చెరగడం కూడా ఆపదు. కాబట్టి భూకంపం వస్తే మాకేం భయం, అలవాటేగా అనుకునేవాణ్ణి. అది ఎంత తప్పో మా నాయన ఫోన్ చేసినప్పుడు కొంత, సివిల్ మూడో సంవత్సరానికి వచ్చాక మిగతాది అర్థమైంది.

2017 నవంబర్ 12, ఆదివారం. కువైట్‌లో రాత్రి తొమ్మిదింబావు దాటింది, ఇక్కడ మనకు పన్నెండు కావస్తోంది. నాయన అప్పుడు ఫర్వానియాలో ఒక బిల్డింగ్ ఏడో అంతస్తులో ఇంకో ఐదుగురితో కలిసి ఒకే రూంలో ఉండేవాడు. మరుసటి రోజు పొద్దున నేను స్కూలుకు రెడీ అవుతుంటే ఫోన్ వచ్చింది.

"అన్నం తింటా ఉంటే తల తిరిగినట్టయిందిరా. షుగర్ తగ్గిందేమో అనుకుంటి. పక్కనోని మొగం జూస్తే వాడూ అట్నే ఉండాడు. పైకి జూస్తే వైరుకు యాలాడే బల్బు ఊగతా ఉంది. మన గని మాదిరి కాదురా, శబ్దమే లేదు. తెప్పలో కూసున్నట్టుంది."

ఎవరో "జల్‌జలా" అని అరిచాడట. అంతే, ఏడు అంతస్తుల జనం ఒకేసారి మెట్ల మీద పడ్డారు. నాలుగో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్యలో, నాయన రూంలోనే ఉండే రాజంపేట మామ కాలు మడతపడి చీలమండ విరిగింది. రెండు నెలలు పనిలేదు. ఇంటికి డబ్బు రాలేదు. ఇంతా చేసి ఆ బిల్డింగ్‌లో గోడకు ఒక్క చీలిక కూడా లేదు.

ఆ రాత్రి భూకంపం వచ్చింది కువైట్‌లో కాదు. ఇరాన్, ఇరాక్ సరిహద్దులో హలబ్జా దగ్గర, 7.3 తీవ్రతతో. ఇరాన్‌లోని కెర్మాన్‌షా రాష్ట్రంలో 600 మందికి పైగా చనిపోయారు. సర్‌పోలె జహాబ్ అనే ఊరు బాగా దెబ్బతింది. అక్కణ్ణించి కువైట్ దాదాపు 650 కిలోమీటర్లు. అంటే మా ఊరి నుంచి వైజాగ్ దాటినంత దూరం. అంత దూరం నుంచి వచ్చి ఏడో అంతస్తులో బల్బును ఊపింది. మరి అదే ఊళ్ళో నేల మీద నడిచేవాళ్ళలో చాలామందికి తెలియనే లేదని నాయన చెప్పాడు.

ఇక్కడే మన సబ్జెక్టు పనికొస్తుంది. భూకంపంలో అన్ని రకాల కంపనాలూ ఉంటాయి. వేగంగా వణికే కంపనాలను నేల దారిలోనే మింగేస్తుంది. నిదానంగా ఊగేవి మాత్రం వందల కిలోమీటర్లు పోతాయి. బిల్డింగ్‌కు కూడా దాని సొంత ఊపు ఒకటి ఉంటుంది. లెక్క మరీ కచ్చితం కాకపోయినా, అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే ఒక్క ఊపుకు ఎన్ని సెకన్లో వస్తుంది. పది అంతస్తులకు ఒక సెకను, ఒక్క అంతస్తు ఇంటికి సెకనులో పదో వంతు. దూరం నుంచి వచ్చే నిదానమైన ఊపు పొడుగు బిల్డింగ్ ఊపుతో కలిసిందంటే ఊయలను సరైన సమయానికి తోసినట్టే. 1985లో మెక్సికో సిటీకి ఇదే జరిగింది. భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల పైగా దూరంలో ఉన్నా, పాత చెరువు మట్టి మీద కట్టిన నగరంలో ఆరు నుంచి పదిహేను అంతస్తుల బిల్డింగులే ఎక్కువగా కూలాయి.

మా గని కుదుపు దీనికి పూర్తిగా తిరగేసిన రకం. దగ్గర, పొట్టి, గట్టి. దేశంలో గనుల బ్లాస్టింగ్‌కు డీజీఎంఎస్ పెట్టిన హద్దులు చూస్తే తేడా తెలుస్తుంది. ఊళ్ళో మామూలు ఇళ్ళ దగ్గర, కంపనం 25 హెర్ట్జ్ దాటితే నేల కదలిక సెకనుకు 15 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. 8 హెర్ట్జ్ లోపు అయితే 5 మిల్లీమీటర్లే. నిదానమైన ఊపే ఇంటికి ఎక్కువ చేటు అని ఆ అంకెలే చెప్తున్నాయి. మేమేమో శబ్దం పెద్దదైతేనే ప్రమాదం అనుకునేవాళ్ళం.

సరే, అప్పుడు నాయనవాళ్ళు ఏం చేసి ఉండాల్సింది? ఉన్నచోటే మోకాళ్ళ మీద కూచుని, గట్టి టేబుల్ ఉంటే దాని కిందకు దూరి, కాలు పట్టుకొని ఉండాలి. టేబుల్ కదిలితే దాంతోపాటే కదలాలి. టేబుల్ లేకపోతే కిటికీకీ బీరువాకూ దూరంగా లోపలి గోడ పక్కన వంగి తల, మెడ చేతులతో కప్పుకోవాలి. మంచం మీద ఉంటే దిగక్కర్లేదు, దిండు తలమీద పెట్టుకుంటే చాలు. ఊగుతున్నంతసేపూ మెట్లు వద్దు, లిఫ్ట్ అసలే వద్దు. ఆగాక చెప్పులు వేసుకుని, పొయ్యి ఆర్పి, సిలిండర్ కట్టేసి, మెట్లగుండా కిందికి పోయి ఖాళీ స్థలంలో నిలబడాలి. గోడల పక్కన, ఏసీల కింద నిలబడకూడదు. బండి నడుపుతుంటే బ్రిడ్జి కింద కాకుండా పక్కకు ఆపి అందులోనే కూచోవాలి. ఫోన్ కాల్స్ కలవవు, మెసేజ్ పోతుంది. కువైట్‌లో అత్యవసర నంబర్ 112. వాట్సాప్‌లో తిరిగే "త్రికోణం" సలహా ఒకటుంది, టేబుల్ కింద కాదు పక్కన పడుకోవాలని. అమెరికన్ రెడ్‌క్రాస్ దాన్ని ఎప్పుడో తోసిపుచ్చింది. ఫార్వర్డ్ చేయకండి.

అయితే ఈ సలహా అన్ని ఇళ్ళకూ ఒకటే అని నేను అనను. బిల్డింగ్ నిలబడుతుందన్న నమ్మకం మీద ఇది ఆధారపడి ఉంది. మా వైపు ఇంకా మట్టిమిద్దెలు ఉన్నాయి. రాతిగోడలు, మధ్యలో బురద, పైన దూలాల మీద అడుగుల మందం మట్టి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరులో వేలమందిని చంపింది ఇలాంటి ఇళ్ళే. అలాంటి ఇంట్లో నేలమీద, తలుపు నాలుగడుగుల్లో ఉంటే బయటికి పరిగెత్తడమే మేలు. అంటే ఊళ్ళో నాయన నేర్చుకున్నది ఊళ్ళో కరెక్టే, ఏడో అంతస్తులో కాదు. కాంక్రీటు అయినంత మాత్రాన భరోసా కూడా లేదు. 2023 ఫిబ్రవరిలో తుర్కియేలో నాసిరకం కాంక్రీటు బిల్డింగులు పళ్ళెం మీద పళ్ళెం పేర్చినట్టు కూలి, 50 వేల మందికి పైగా పోయారు. కాబట్టి ఎక్కడ దిగినా, ఇది ఎట్లాంటి ఇల్లు, నేను ఎన్నో అంతస్తులో ఉన్నాను, కూచోవాలా పరిగెత్తాలా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఊగేటప్పుడు ఆలోచించే టైం ఉండదు.

ఎంఎస్‌కనో ఉద్యోగానికనో జపాన్, కాలిఫోర్నియా పోయే సీనియర్లకు కూడా ఇదే. జపాన్‌లో 1981 జూన్‌లో బిల్డింగ్ నిబంధనలు మారాయి. రూం తీసుకునేటప్పుడు ఆ తర్వాత కట్టిందేనా అని అడగడం అక్కడ మామూలే. అద్దె గురించి బేరమాడే మనం ఆ ఒక్క ప్రశ్న అడగలేమా? ఇక్కడున్నవాళ్ళు ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో భూకంప హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి, 2023 నుంచి మన దేశంలోనూ ఉంది. మొదట వచ్చే పీ తరంగం వేగంగా వస్తుంది, గట్టిగా ఊపే ఎస్ తరంగం వెనక వస్తుంది. కేంద్రం దూరంగా ఉంటే మధ్యలో కొన్ని సెకన్లు దొరుకుతాయి. టేబుల్ కిందకు దూరడానికి అవి చాలు. పక్కింట్లోనే పుడితే ఏ ఫోనూ చెప్పలేదు.

నాయనవాళ్ళు 2017 తర్వాత రూం సర్దుకున్నారు. ఒకదాని మీద ఒకటి ఉండే ఇనుప మంచాలను కిటికీ దగ్గర నుంచి లోపలి గోడకు జరిపి, క్లాంపులతో గోడకు బిగించారు. పైన పెట్టిన సూట్‌కేసులు కిందికి దించారు. పనిచేసే చోట సేఫ్టీ క్లాసులో చెప్పారట. అవి పెద్ద ఖర్చులు కావు, ఒక శుక్రవారం పని.

2022 జూన్ 4న మళ్ళీ వచ్చింది. ఈసారి కువైట్‌లోనే, అహ్మదీకి నైరుతి వైపు, తీవ్రత 5. అక్కడ తెల్లవారుజామున 4:28, మాకు ఏడు కావస్తోంది. పావుగంటలో మెసేజ్, అరగంటలో ఫోన్.

"ఈసారి ఊగలేదురా, దడ్‌మనింది. అచ్చం మన గనే. నిద్రలో సైరన్ ఇనపడలేదేమో అనుకున్యా. మంచం దిగలేదు. దిండు నెత్తిన పెట్టుకొని అట్నే ఉన్న్యా. మామ దిగబోతే కాలు పట్టుకొని గుంజినా."

బాగున్నావు కదా అని అమ్మ మూడుసార్లు అడిగింది. పెట్టేముందు ఆయనే ఒక మాట అడిగాడు. మన పాత మిద్దెలో అవ్వ పడుకునేచోట తలపైన అటక మీద ఇత్తడి బిందెలు ఇంకా అట్లే ఉన్నాయా అని.

ఉన్నాయి. ఆ రోజే దించాం.