వీడియో క్రీడలయందలి సదోషనాయకులు

ఆలంకారికులు నాయకునకు వినయము, త్యాగము, దక్షత మున్నగు గుణములను విధించి, ధీరోదాత్తాదిభేదములచే నతనిని నాలుగు తెఱఁగుల విభజించిరి. అందు ధీరోద్ధతునకు దర్పము, మాత్సర్యము, కపటము లక్షణములుగాఁ జెప్పఁబడుటచే నాయకునకు దోషము సర్వథా నిషిద్ధము కాదని తెలియుచున్నది. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమందలి నిగమశర్మ యింటి సొమ్ములను దోఁచుకొనిపోయిన దుర్వృత్తుఁడు. అయినను బాఠకుల మనస్సునుండి తొలఁగఁడు. అట్టి సదోషనాయకులే నేఁడు వీడియో క్రీడలయందును విశేషాదరము నొందుచున్నారు. కావ్యములయందుఁ జెప్పు కారణమే యిందులకును జాలునా యనునది విచారణీయము.

నిగమశర్మ చేష్టలను బాఠకుఁడు చదువును. నాటకమున నటుని చేష్టలను బ్రేక్షకుఁడు చూచును. వీడియో క్రీడయం దట్లు కాదు. క్రీడాకారుఁడు మీట నొక్కినఁగాని తెరపైనున్న నాయకుఁ డడుగు వేయఁడు. ఈ భేదమును వ్యాకరణము చక్కఁగా విశదపఱచును. పాణిని క్రియయందు స్వతంత్రుఁడగువానిని గర్తయనెను. ఆ కర్తను బ్రేరేపించువానికి హేతువను పేరిడి, కర్తృసంజ్ఞనుగూడ నొసఁగెను. దేవదత్తుఁడు వండుచుండఁగా యజ్ఞదత్తుఁడు వండించుచున్నచో నిరువురును గర్తలే. అట్లే యిచటఁ గొట్టువాఁడు నాయకుఁడు, కొట్టించువాఁడు క్రీడాకారుఁడు. కావున నాయకుని దోషము ప్రేరకునిఁగూడ నంటును.

2018వ సంవత్సరమున రాక్‌స్టార్ గేమ్స్ సంస్థవారు వెలువరించిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఇందుల కుదాహరణము. కథాకాలము 1899, దేశము అమెరికా. నాయకుఁడగు ఆర్థర్ మోర్గన్ ఒక దోపిడిముఠాలోనివాఁడు. అతఁ డప్పు రాఁబట్టుటకై థామస్ డౌన్స్ అను రోగిష్ఠిని గొట్టును. కథ ముందునకు సాగవలెనన్న నీ ఘట్టము తప్పదు. ఆ రోగి క్షయయే యార్థరున కంటుకొనును. మరణము సమీపించెనని యెఱిఁగిన పిదప నతఁడు తన బ్రదుకును సరిదిద్దుకొనఁజూచును. సత్కార్యమునకుఁ బెరుఁగుచు, దుష్కార్యమునకుఁ దఱుఁగుచు నుండు గౌరవమానమొకటి యీ క్రీడయందుఁ గలదు. అది యధికమై, మిత్రుఁడు తప్పించుకొనుటకుఁ దోడ్పడినచో నార్థర్ ఉదయసూర్యునిఁ జూచుచు రోగముచే మరణించును. అల్పమైనచో మైకా యను ద్రోహిచేతఁ జచ్చును. నాయకుని పశ్చాత్తాప మెంతవఱకు సాగునో నిర్ణయించు భారము క్రీడాకారునిదే.

ఇచట నొక యాక్షేపము. 2013లో నాటీ డాగ్ సంస్థవారు వెలువరించిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అను క్రీడయందు, ఎల్లీ యను బాలికకు శస్త్రచికిత్స చేసినచో మహామారికి మందు దొరకునని వైద్యుల యాశ. కాని బాలిక జీవింపదు. నాయకుఁడగు జోయెల్ వైద్యునిఁ జంపి యామెను గొనిపోయి, పిదప నామెతో నసత్యమాడును. క్రీడాకారునకు వేఱుత్రోవ లేదు. స్వాతంత్ర్యము లేనిచోఁ గర్తృత్వ మెక్కడిదని యడుగవచ్చును. సమాధానము: ఇచటఁ గథకుఁడు క్రీడాకారునిచేఁ జేయించుచున్నాఁడు, క్రీడాకారుఁడు జోయెల్‌చేఁ జేయించుచున్నాఁడు. అంతకు మున్ను కథ పొడవున నా బాలికను గాపాడుచు వచ్చిన క్రీడాకారునకు జోయెల్ వాంఛ తన వాంఛయే యగును. మీట నొక్కిన చేయి తనదే. కావున నాయకుని దూరమునుండి నిందించుట యతనికి సాధ్యము కాదు.

దీనినిబట్టి సదోషనాయకుల యాకర్షణము దోషముపైఁ బ్రీతివలనఁ బుట్టినది కాదని స్పష్టము. నిర్దోషుఁడగు నాయకునితోఁ గ్రీడాకారునకు జయించుట యొక్కటియే పని. సదోషునితో నైతే చేసినదానిని భరించుటయు, వీలైనచో దిద్దుకొనుటయుఁ దనకే వచ్చును. ఫలము లేని దోషము వినోదమాత్రమై రసాభాసమగును. విద్యార్థి యిట్టి నాయకుని మెచ్చినపుడు వాని శీలమును శంకించుట తగదు. “నీ వా పని యేల చేయించితివి? చేయించినపు డేమి తోఁచెను?” అని యడిగినచో, నిగమశర్మ కథను బోధించుటకు సైత మది మంచి యుపోద్ఘాత మగును.