నక్కతోక మన ముంగిట్లో

ఎవరికైనా అదృష్టం కలిసొస్తే "నక్క తోక తొక్కి వచ్చావా?" అంటాం. మన హాస్టల్ గేటు లోపల అలాంటి నక్కతోకలు రెండున్నాయి. కాకపోతే అవి చెట్లు. కాండం తాటిజాతిదే అయినా, మట్టకు అన్ని వైపులా ఆకులు గుబురుగా రావడం వల్ల నక్క తోకలా కనబడుతుంది. అందుకే దీన్ని ఫాక్స్‌టెయిల్ పామ్ అంటారు.

మూడేళ్ళ క్రితం పూర్వ విద్యార్థులు ఇచ్చిన డబ్బుతో కడియం నర్సరీ నుండి నాలుగు మొక్కలు తెచ్చి నాటాము. మిగిలినవి రెండే. ఆ రెండూ ఎందుకు పోయాయో చెబితే ఈ చెట్టు పెంచే పద్ధతి చెప్పినట్టే.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం. అక్కడ ఉత్తరాన కేప్ మెల్‌విల్ ప్రాంతంలో రాళ్ళగుట్టల మధ్య సహజంగా పెరుగుతుంది. ఆ నేల సంగతులన్నీ ఎరిగిన వోడ్యెటి అనే ఆదివాసీ పెద్దాయన పేరు మీదనే 1983లో శాస్త్రజ్ఞులు దీనికి వోడ్యెటియా అని పేరు పెట్టారు. ఒక ఆదివాసీ పేరు మోస్తున్న చెట్టు మన హాస్టల్లో ఉండటం మాకెంతో గర్వంగా ఉంది.

అక్కడ కూడా మనలాగే కొన్ని నెలలు వానలు, ఆ తర్వాత ఎండలు. అందుకే వేళ్ళూనుకున్న చెట్టు మన ఎండలకు బెదరదు. కానీ మొదట్లో నిలవ నీరు, నీటి కొరత రెండూ పనికిరావు.

తొలకరి వానలు పడ్డాక, రోజంతా ఎండ తగిలే చోట, గోడకు ఆరడుగుల దూరంలో, పైన కరెంటు తీగలు లేకుండా చూసి నాటాలి. రెండడుగుల గుంత తీసి మట్టిలో పశువుల ఎరువు కలపాలి. నల్లరేగడి అయితే ఇసుక కూడా కలపాలి. కవరు కోసేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి విడిపోకూడదు. మొదటి రెండు వేసవులు తప్పకుండా నీళ్ళు పోయాలి.

ఇక్కడే మా మొదటి తప్పు జరిగింది. వేసవి సెలవులకు అందరం ఊళ్ళకు పోయాము. నీళ్ళు పోసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. తిరిగొచ్చేసరికి ఒక మొక్క ఎండిపోయింది.

రెండవది మా చేతులతోనే పోయింది. వార్షికోత్సవానికి శుభ్రం చేస్తూ, వేపను నరికినట్టు దీని తల కూడా నరికాము. వేపకు పక్కన చిగుళ్ళొస్తాయి. దీనికి ఉన్నది ఒకే మొవ్వు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. పచ్చని మట్టలు కూడా కోయకూడదు. ఎండిన మట్ట దానంతటదే రాలిపోతుంది.

తమ్ముళ్ళారా! ఈ సెలవుల్లో వంతులు వేసుకుని ఆ రెండింటికీ నీళ్ళు పోయండి. బియ్యం కడిగిన నీళ్ళయినా చాలు. అన్నలు ఎప్పుడైనా హాస్టలుకొస్తే గేటు దగ్గర అవి పచ్చగా కనబడాలి.