ఆపరేషన్‌కు ముందు అడగాల్సినది

దగ్గినా, తుమ్మినా మూత్రం జారిపోవడాన్ని చాలామంది స్త్రీలు వయసు తెచ్చిన కర్మగా భరిస్తారు. భరించనక్కర్లేదు. కటి కండరాల వ్యాయామంతో తగ్గకపోతే శస్త్రచికిత్స ఉంది. దాన్ని విజయ శాతం ఒక్కటే చూసి ఎంచుకోకూడదు. అమెరికాలో 655 మందిపై జరిగి 2007లో వెలువడిన అధ్యయనమే చూడండి. పొత్తికడుపు కండరాల మీది పొరను తీసి మూత్రనాళం కింద పట్టీగా వేస్తే రెండేళ్లకు 66 శాతం మందికి ఈ జారుడు తగ్గింది. కుట్లతో పైకి లాగి కట్టే బర్చ్ పద్ధతిలో 49 శాతం మందికే. అయితే మూత్ర ఇన్ఫెక్షన్లు, మూత్రవిసర్జనలో ఇబ్బంది పట్టీ వేయించుకున్నవారిలోనే ఎక్కువ.

1990లలో వచ్చిన సింథటిక్ మెష్ పట్టీకి కోత చిన్నది, కోలుకోవడం త్వరగా. మరి 2018లో బ్రిటన్ దాని వాడకాన్ని ఎందుకు నిలిపివేసింది? కొందరిలో మెష్ యోని గోడను ఒరుసుకుని బయటపడింది, తీరని నొప్పి మిగిల్చింది. పూర్తిగా తీయడమూ కష్టం. వారి గోడు చాలాకాలం ఎవరూ వినకపోవడం అన్యాయం. చాలామందికి అది మేలు చేసిందన్నదీ నిజమే. మూత్రనాళం చుట్టూ జెల్ ఇంజెక్షన్ తేలికే కానీ, మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. కాబట్టి డాక్టర్‌ను ముందుగా అడగాల్సింది ఇది: తేడా వస్తే ఏం జరుగుతుంది, దాన్ని సరిచేసేది ఎవరు?